పని అయ్యాక మిగలకూడని ప్రోటీన్

1944 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఎవెలిన్ విట్కిన్ అనే యువ పరిశోధకురాలు ఈ.కోలై బ్యాక్టీరియా మీద అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేశారు. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రం బతికి, ఆ కిరణాలను తట్టుకునే సంతానాన్ని ఇచ్చాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే తేడా తెలిసింది. ‘బి’ అనే పాత రకం కిరణాలు తగిలాక రెండుగా చీలడం మానేసి, పొడుగ్గా సాగుతూ పోయింది. రెండు మైక్రాన్ల కడ్డీ దారంలా మారి చివరికి చచ్చేది. కొత్త రకం కాసేపు ఆగి, మళ్లీ మామూలుగా చీలేది. అంటే ‘బి’ రకం చావుకు దెబ్బ ఒక్కటే కారణం కాదు. దెబ్బ తర్వాత మళ్లీ చీలలేకపోవడం కూడా కారణమే.

ఎందుకు చీలలేకపోయిందో పూర్తిగా తేలడానికి దశాబ్దాలు పట్టింది.

మంచి తిండి దొరికితే ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. అందుకు ఎఫ్‌టీఎస్‌జడ్ అనే ప్రోటీన్ ముక్కలు కణం నడిమధ్యన ఒకదానికొకటి అతుక్కుని, మొలతాడులా చుట్టూ ఒక వలయం కడతాయి. 1991లో ఎర్‌ఫెయ్ బీ, జో లుట్‌కెన్‌హాస్ దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించారు. ఆ వలయం బిగుస్తూ పోతే కణం రెండవుతుంది. కానీ లోపల డీఎన్‌ఏ తెగి, రెండు ప్రతులూ ఇంకా విడిపోకుండా ఉన్నప్పుడు వలయం బిగిస్తే డీఎన్‌ఏ మధ్యకు తెగిపోతుంది. అందుకే మరమ్మతు అయ్యేదాకా విభజన ఆగాలి.

దెబ్బ తగిలిన సంగతి కణానికి తెలిసే తీరు నాకు మహా ఇష్టం. దెబ్బతిన్న చోట డీఎన్‌ఏ జంట పోగుల్లో ఒకటి ఒంటరిగా బయటపడుతుంది. రెక్-ఎ అనే ప్రోటీన్ దానికి చుట్టుకుంటుంది. లెక్స్-ఎ అనే మరో ప్రోటీన్ నలభై దాకా జన్యువులను అణచిపెట్టి ఉంచుతుంది. అది ఈ చుట్టను తాకగానే తనను తానే ముక్కలు చేసుకుంటుంది. అణచివేత పోయి జన్యువులు మేల్కొంటాయి, అయితే అన్నీ ఒక్కసారి కాదు. ముందు మరమ్మతు ప్రోటీన్లు తయారవుతాయి. లెక్స్-ఎ గట్టిగా పట్టి ఉంచిన వాటి వంతు తర్వాత వస్తుంది, వాటిలో సుల్-ఎ ఒకటి.

సుల్-ఎ పని ఎఫ్‌టీఎస్‌జడ్ ముక్కలను విడివిడిగా పట్టుకుని, కలవనీయకపోవడం. అప్పటికే కట్టిన వలయం సంగతి? అందులోని ముక్కలు సెకన్ల వ్యవధిలో ఊడిపోతూ, కొత్తవి చేరుతూ ఉంటాయి. చేరవలసినవి సుల్-ఎ చేతిలో చిక్కుకుంటే పాత వలయం దానంతటదే విడిపోతుంది. విభజన ఆగుతుంది, ఎదుగుదల మాత్రం ఆగదు. కడ్డీ దారం కావడానికి కారణం ఇదే.

సుల్-ఎ అసలు గొప్పతనం ఆపడంలో కన్నా తొలగిపోవడంలోనే ఉందంటాను. లాన్ అనే ఎంజైము సుల్-ఎను వెంటవెంటనే నరికేస్తుంది. ఉన్నదాంట్లో సగం కరిగిపోవడానికి నిమిషం పైచిలుకు చాలు. మరమ్మతు పూర్తయి లెక్స్-ఎ మళ్లీ నిండితే కొత్త సుల్-ఎ తయారు కాదు, ఉన్నది నిమిషాల్లో పోతుంది, వలయం మళ్లీ మొదలవుతుంది. విట్కిన్ వాడిన ‘బి’ రకానికి లాన్ లేదు. ఆపిన చెయ్యి తొలగలేదు, అందుకే చచ్చింది. బతికిన రకంలో సుల్-ఎ జన్యువే పాడైంది. ప్రయోగశాలల్లో ప్రోటీన్లు తయారుచేయడానికి విరివిగా వాడే బీఎల్21 రకం కూడా ‘బి’ వంశానిదే. లాన్ లేకపోవడం అక్కడ లాభం, తయారైన ప్రోటీను నరికివేతకు గురి కాదు.

1967లో విట్కిన్, దారంలా సాగడానికీ, లోపల నిద్రపోతున్న లాంబ్డా వైరస్ మేల్కోవడానికీ మూలం ఒకటే కావచ్చని ఊహించారు. ఆ తర్వాత మిరోస్లావ్ రాద్మాన్ ఈ స్పందనకు ‘ఎస్‌వోఎస్’ అని పేరు పెట్టారు. విట్కిన్‌కు 2015లో, తొంభై నాలుగో ఏట, లాస్కర్ పురస్కారం వచ్చింది. 2023లో కన్నుమూశారు.

సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ వేసుకున్నప్పుడు మన ఒంట్లోని బ్యాక్టీరియాలోనూ ఇదే జరుగుతుంది. ఆ మందు డీఎన్‌ఏను తెంచుతుంది, ఎస్‌వోఎస్ మోగుతుంది. ఆ స్పందనలో భాగంగానే తప్పులతో డీఎన్‌ఏను నకలు తీసే ఎంజైములు వస్తాయి. ఆ తప్పుల్లో ఏదో ఒకటి మందుకు లొంగని రకాన్ని పుట్టించవచ్చు. ఇంకోవైపు, మూత్రకోశంలో చేరిన ఈ.కోలై మందు లేకుండానే దారాలుగా సాగుతుంది. అంత పొడుగు దారాన్ని మింగడం తెల్లకణాలకు కష్టం. ఎలుకల్లో పరీక్షిస్తే, సుల్-ఎ లేని రకం అక్కడ ఎక్కువకాలం నిలవలేకపోయింది. రెక్-ఎను అడ్డుకునే అణువుల కోసం ఇప్పుడు కొందరు వెతుకుతున్నారు. యాంటిబయాటిక్‌తో పాటు ఇస్తే ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే తెగుతుందని వాళ్ల ఆశ.