వీధి ఛాయాచిత్రకళ

పాఠ్యభాగ ఉద్దేశం

సామాన్యుల జీవితాన్ని వీధిలోనే చిత్రించే కళ ఎలా రూపొందిందో, ఫిల్ము కెమెరా ఎలా పనిచేస్తుందో, ఆ కళను అభ్యసించేవారు పాటించవలసిన మర్యాద ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ: వ్యాసం

పాఠ్యాంశం

ఉన్నదానిని ఉన్నట్లుగా, మనోహరంగా వర్ణిస్తే అది స్వభావోక్తి అలంకారమని మీరు చదువుకొన్నారు. అక్కడ కవి లేనిదానిని కల్పించడు. మన కళ్ళెదుట ఉండి కూడా మనం గమనించని అందాన్ని చూపిస్తాడు. కవి మాటలతో చేసే ఈ పనిని వెలుగుతో చేసేది వీధి ఛాయాచిత్రకళ. ఇందులో ముందుగా అమర్చిన రంగస్థలం ఉండదు. పిలిచి నిలబెట్టిన మనుషులు ఉండరు. అంగడిలో బేరమాడే గృహిణి, బస్సు కోసం ఎదురుచూసే కూలీ, చెట్టునీడన కునుకుతీసే రిక్షా కార్మికుడు ఇందులోని పాత్రలు.

ఈ దృష్టి మన సాహిత్యానికి కొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేరిట ప్రసిద్ధమైన క్రీడాభిరామం దశరూపకాలలో ‘వీథి’ అనే భేదానికి చెందిన కృతి. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం, పొట్టేళ్ళ పోరు వారి కంటబడతాయి. నాటి సామాన్యుల తిండి, వినోదాలు, వేషభాషలు తెలుసుకోగోరే చరిత్రకారులు ఈనాటికీ ఈ గ్రంథాన్ని ఆశ్రయిస్తారు. శాసనాలు ఎక్కువగా రాజుల దానాలను, విజయాలను చెబుతాయి. వీధి సంగతులు చెప్పేవి తక్కువ. ఆ లోటును ఇటువంటి కృతులు తీరుస్తాయి.

అయితే ఛాయాచిత్రం పుట్టిన తొలినాళ్ళలో వీధి దానికి అందలేదు. 1838లో ఫ్రాన్సు దేశస్థుడు డాగేర్ పారిస్ నగరంలోని ఒక రద్దీ వీధిని చిత్రించాడు. ఫలకంపై బొమ్మ పడటానికి ఆ రోజుల్లో నిమిషాల కాలం పట్టేది. అందువల్ల కదిలే బండ్లు, నడిచే మనుషులు ఆ చిత్రంలో నమోదు కాలేదు. బూట్లకు మెరుగు పెట్టించుకొంటూ కదలక నిలిచిన ఒక వ్యక్తి మాత్రమే స్పష్టంగా పడ్డాడు. జనసమ్మర్దం గల వీధి నిర్జనంగా కనిపించింది.

మన హైదరాబాదులో ఈ కళకు ఖ్యాతి తెచ్చినవాడు లాలా దీన్ దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించాడు. రూర్కీలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ ఛాయాచిత్రకళను సాధన చేశాడు. తరువాత సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. దర్బారులు, భవనాలు, వేట విడుదులు ఆయన గాజుఫలకాలపై నిలిచిపోయాయి. ఆ ఫలకాలలో 2,000కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. దీన్ దయాళ్ 1905లో మరణించాడు. ఆయన ప్రతిభ అసమానమైనది. కాని బరువైన కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, ఫలకాన్ని ఒక్కొక్కటిగా అమర్చి తీసే ఆ పద్ధతి నిలకడగా ఉన్నవాటికే అనుకూలం. సంతలో పరుగెత్తే పిల్లవాణ్ణి పట్టుకోవడం దానికి కష్టం.

ఈ ఇబ్బందిని ఫిల్ము తొలగించింది. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ కెమెరా చుట్టగా చుట్టిన ఫిల్ముతో పనిచేసింది. 1925లో జర్మనీ నుండి లైకా కెమెరా వచ్చింది. అది అరచేతిలో ఇమిడేది. 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్ముచుట్టపై 36 చిత్రాలు తీయవచ్చు. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు కార్టియే బ్రెస్సాన్ అటువంటి లైకాను చేతబట్టి 1930లలో మధ్యధరా తీరపు నగరాలలో సంచరించాడు. 1933లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఆయన తీసిన చిత్రాలు లోకప్రసిద్ధాలు. మనుషుల కదలిక, వెలుగునీడల పొందిక ఒక్కచోట కుదిరే క్షణం కోసం ఆయన ఓపికగా వేచి ఉండేవాడు.

ఫిల్ము పనిచేసే తీరు తెలుసుకోదగినది. అది పలుచని పారదర్శకమైన పట్టీ. దానిపై జిలటిన్‌లో కలిపిన వెండి లవణాల పూత ఉంటుంది. షట్టరు తెరుచుకొన్న క్షణంలో వెలుగు ఆ లవణాలను తాకి, కంటికి కనిపించని బింబాన్ని ఏర్పరుస్తుంది. చీకటిగదిలో డెవలపర్ ద్రావణంలో ఉంచినప్పుడు వెలుగు సోకిన లవణాలు నల్లని వెండిగా మారతాయి. తక్కిన లవణాలను ఫిక్సర్ ద్రావణం తొలగిస్తుంది. వెలుగున్న చోటు నల్లగా, నీడ ఉన్న చోటు పారదర్శకంగా ఏర్పడిన ఈ ప్రతిరూపమే నెగెటివు. దీని గుండా కాగితంపై వెలుగు ప్రసరింపజేస్తే వెలుగునీడలు మళ్ళీ యథాస్థానానికి వస్తాయి.

మన దేశంలో 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ సంస్థ ఉదకమండలంలో ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసేది. డిజిటల్ కెమెరాల రాకతో ఆ కర్మాగారం మూతపడింది. అయినా ఫిల్ముతో చిత్రాలు తీసేవారు నేటికీ ఉన్నారు. 36 చిత్రాలే తీయగలమని తెలిసినవాడు ప్రతి చిత్రానికీ ముందు ఆలోచిస్తాడు. తీసినది వెంటనే కనబడదు కనుక వెలుగును తానే అంచనా వేయడం నేర్చుకొంటాడు. నడి ఎండలో కటకద్వారాన్ని 16వ అంకెపై ఉంచి, 100 వేగం గల ఫిల్ముకు షట్టరును సెకనులో సుమారు నూరవ వంతు తెరిస్తే చాలునన్నది వారి వాడుక సూత్రం.

ఈ అభ్యాసానికి హైదరాబాదు పరిసరాలలో హిమాయత్ సాగర్ తగిన స్థలం. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలాదిమందిని బలిగొన్నది. ఆనాటి ఛాయాచిత్రాలలో నేలమట్టమైన ఇళ్ళు నేటికీ కనిపిస్తాయి. అటువంటి విపత్తు మళ్ళీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి జలాశయాలు నిర్మించారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఏడవ నిజాం కుమారుడు హిమాయత్ అలీఖాన్ పేరు దీనికి పెట్టారు. తెల్లవారుజామున వలలు సర్దుకొనే జాలరులు, సాయంకాలం గట్టుపై మొక్కజొన్న కంకులు కాల్చే స్త్రీలు, గేట్లు ఎత్తిననాడు నీటిని చూడవచ్చే జనం ఇక్కడి దృశ్యాలు. 2008లో శంషాబాదులో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతం రూపు మారిపోయింది. పొలాలు ఉన్నచోట భవనాలు లేచాయి. ఈ మార్పును లెక్కలలో చూపవచ్చు. కాని నిన్నటి పొలంగట్టుపై నడిచిన రైతు ముఖాన్ని లెక్కలు చూపలేవు. వరంగల్లుకు చెందిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల ఇళ్ళను, బతుకమ్మ ఆడే స్త్రీలను చిత్రించి ఇటువంటి సేవే చేశారు. ఆయన 2022లో మరణించారు. చిత్రాలు మనకు మిగిలాయి.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. వీధిలో ఉన్నంతమాత్రాన ఒక మనిషి ముఖంపై మనకు హక్కు కలుగుతుందా? ముందుగా అడిగితే ఆ వ్యక్తి సర్దుకొని నిలబడతాడు, సహజత్వం పోతుంది. అడగకపోతే అతని అభిమానానికి భంగం కలగవచ్చు. ఈ చిక్కును పూర్తిగా విప్పే సూత్రం లేదు. అయినా కొన్ని మర్యాదలు ఉన్నాయి. వద్దని చేయి ఊపినవారి ఎదుట కెమెరా దించాలి. దుఃఖంలో ఉన్నవారిని, నిస్సహాయులను వేడుకగా చిత్రించరాదు. పిల్లల విషయంలో పెద్దల అనుమతి తీసుకోవాలి. వీలైతే ప్రింటు ఒకటి తీసుకువెళ్ళి ఆ వ్యక్తి చేతికి ఇవ్వాలి. పేదరికాన్ని అలంకారంగా వాడుకొనే చిత్రం ఎంత అందంగా ఉన్నా ఔచిత్యం లేనిదే. ఔచిత్యభంగం రసభంగానికి కారణమని మన ఆలంకారికులు ఏనాడో చెప్పారు.

నేడు ప్రతి చేతిలోను ఫోను, ప్రతి ఫోనులోను కెమెరా ఉన్నాయి. ఒక్క రోజులో వందల చిత్రాలు తీసి, వాటిని తిరిగి చూడనివారే ఎక్కువ. ఫిల్ము కెమెరా లేకున్నా దాని క్రమశిక్షణను అలవరచుకోవచ్చు. మీ ఊరి సంతకు వెళ్ళినప్పుడు 36 చిత్రాలు మాత్రమే తీయాలని నియమం పెట్టుకోండి. తీసిన ప్రతి చిత్రం వెనుక తేదీని, స్థలాన్ని వ్రాసి భద్రపరచండి. ఇరవై ఏళ్ళ తరువాత ఆ సంత ఉండకపోవచ్చు. అప్పుడు అక్కడి మనుషులు ఎలా జీవించారో చెప్పే సాక్ష్యం మీ దగ్గర ఉంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

జనసమ్మర్దం = జనుల ఒత్తిడి, రద్దీ
నిర్జనం = జనులు లేనిది
పారదర్శకం = ఆవలి వస్తువును కనబరచేది
బింబం = ప్రతిరూపం
ఔచిత్యం = తగినట్లుగా ఉండటం

వ్యాకరణం

స్వభావోక్తి = స్వభావ + ఉక్తి – గుణసంధి
క్రీడాభిరామం = క్రీడా + అభిరామం – సవర్ణదీర్ఘసంధి

ప్రశ్నలు

1. క్రీడాభిరామానికి, వీధి ఛాయాచిత్రకళకు గల పోలికను వివరించండి.
2. ఫిల్ముపై చిత్రం ఏర్పడే విధానాన్ని తెలపండి.
3. వీధిలో ఇతరులను చిత్రించేవారు పాటించవలసిన మర్యాదలను గురించి మీ అభిప్రాయం వ్రాయండి.