చెమటకాయలకు చల్లదనమే ప్రధాన చికిత్స

ప్రధానంగా ఉమ్మడి వరంగల్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో వేసవి వచ్చిందంటే చెమటకాయలు ఇంటింటా కనిపించే బాధే. సాధారణంగా ఇవి ప్రమాదకరం కావు. అయితే ఎండలో, ఉక్కలో పనిచేసేవారి విషయంలో వీటిని తేలికగా తీసుకోరాదు.

చెమటను చర్మం పైకి చేర్చే సన్నని నాళాలు మూసుకుపోయినప్పుడు చెమట లోపలే నిలిచి పొక్కులుగా ఏర్పడుతుంది. అడ్డంకి పై పొరలో ఉంటే దురద లేని నీటి బొట్ల వంటి పొక్కులు వస్తాయి. కొంత లోతున ఉంటే ఎర్రని పొక్కులు, దురద, సూదులతో గుచ్చినట్లు మంట కలుగుతాయి. ఎక్కువగా కనిపించేది ఈ రకమే. మరింత లోతున ఉంటే చర్మపు రంగులోనే గట్టి పొక్కులు వచ్చి ఆ భాగంలో చెమట పట్టడం తగ్గిపోతుంది.

శరీరం చల్లబడేది చెమట ఆరడం వల్లనే. కనుక ఒళ్లంతా చెమటకాయలు లేచిన మనిషికి వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. పైకి చర్మం మామూలుగా కనిపించినా చెమట గ్రంథులు పూర్తిగా కోలుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మానుకోట మిర్చి చేలలో కాయ ఏరే కూలీలకు, భూపాలపల్లి భూగర్భ బొగ్గు గనుల కార్మికులకు, జనగామ ప్రాంతపు భవన నిర్మాణ కూలీలకు పని వేళలు నిర్ణయించే అధికారులు, గుత్తేదారులు ఈ సంగతిని గమనించవలసి ఉన్నది.

గాలి ఆడే చోట విశ్రాంతి, చన్నీటి స్నానం, వదులైన నూలు బట్టలు ఉంటే చాలావరకు కొద్ది రోజుల్లోనే తగ్గుతాయి. దురదకు కాలమైన్ లోషన్ వాడవచ్చు. పౌడరు దట్టంగా చల్లడం, నూనె, జిడ్డు లేపనాలు పూయడం వల్ల నాళాలు మరింత మూసుకుపోతాయి. పసిపిల్లల చెమట నాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు గనుక, వారికి మందపాటి బట్టలు చుట్టరాదు.

దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ లేపనాలతోనే అసలు చిక్కు. తామరను చెమటకాయలుగా పొరబడి వీటిని పూస్తే దురద తాత్కాలికంగా తగ్గినా తామర వ్యాపిస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్న నిబంధనను కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ లేపనాలకు వర్తింపజేసింది.

పొక్కుల్లో చీము పట్టినా, జ్వరం వచ్చినా సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించాలి. తల తిరగడం, వాంతులు, మాట తడబడటం వంటి లక్షణాలుంటే రోగిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, 108 వాహనాన్ని పిలవాలి.