వార్తల్లో పదం: ఈ-చలానా

నో పార్కింగ్ చోట బండి నిలపడం లాంటి తప్పును ట్రాఫిక్ పోలీసులు ఫొటో తీసి, నంబరు ప్లేటు ఆధారంగా యజమాని పేరిట ఆన్‌లైన్‌లో నమోదు చేసే జరిమానా పత్రమే ఈ-చలానా. దీనికి మూలం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. ఇతరులకు ప్రమాదమో ఆటంకమో కలిగేలా బండిని వదిలేయడాన్ని 122వ సెక్షన్ నిషేధిస్తుంది. చట్టం విడిగా శిక్ష చెప్పని తప్పులకు 177వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ ఈ జరిమానా పరిమితిని తొలి తప్పుకు రూ.500కు, తర్వాతి వాటికి రూ.1,500కు పెంచింది. 127వ సెక్షన్ కింద బండిని తరలించవచ్చు కూడా; ఆ ఖర్చూ యజమానిదే.

చలానా కడితే 200వ సెక్షన్ కింద రాజీ కుదిరినట్టే, కేసు అక్కడితో ముగుస్తుంది. కాదంటే చివరికి కోర్టు తేల్చాలి. అక్కడ అసలు సాక్ష్యం ఫొటోయే. నంబరులో ఒక అంకె తేడా ఉన్నా, ఎవరో నకిలీ ప్లేటు వాడినా, అమ్మి పేరు మార్చిన బండి అయినా అభ్యంతరానికి గట్టి ఆధారం ఉన్నట్టే. ‘రెండు నిమిషాలే ఆపాను’ అన్న వాదన ఒక్కటే మాత్రం చాలకపోవచ్చు.

తెలంగాణ 2023 డిసెంబరులో పెండింగ్ చలానాలపై ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం రాయితీ ఇచ్చింది. వేళకు కట్టినవారికి ఇది అన్యాయమే. పైగా అలాంటి రాయితీ మళ్లీ వస్తుందన్న హామీ లేదు. ఫొటోలో తప్పు లేకపోతే కట్టేయడమే మేలు.