చేపపిల్ల నోటికి తగిన ఆహారము

గాజుతొట్టిలో చేప గ్రుడ్లు పెట్టిన దినము ఆ యింటి పిల్లలకు పండుగ దినము. మగ ఫైటరు చేప నీటిపైని నురుగుతో గూడు కట్టును. ఆడుచేప విడిచిన గ్రుడ్లను నోటితో ఏరి ఆ నురుగులో అమర్చును. జారిపడిన వానిని మరల తెచ్చి చేర్చును. ఒకటి రెండు దినములలో గ్రుడ్లు పగిలి, కనురెప్ప వెండ్రుకల వంటి పిల్లలు తోకలు క్రిందికి వ్రేలాడవేసికొని నురుగును పట్టుకొని యుండును. లెక్కపెట్టబోయినచో వందకు మించినను ఆశ్చర్యము లేదు. ఆ తరువాత మరి రెండు మూడు దినములకు అవి అడ్డముగా ఈదుట నేర్చును. ఇంటిల్లిపాది తొట్టిచుట్టు చేరి సంతోషింతురు. అటుపిమ్మట దినదినమునకు పిల్లలు తగ్గుచు వచ్చి, వారము తిరుగునప్పటికి తొట్టి శూన్యమగును.

మొదటి మారు నాకును ఇట్లే జరిగినది. నీరు చెడినదనుకొని నీరు మార్చితిని. రోగమనుకొని మందు వేసితిని. నీటికి దోషము లేదు, రోగమును లేదు. అవి ఆకలిచే చచ్చినవి. నేను పొడిమేతను నలిపి చల్లుచునే యుంటిని. అయినను ఆకలిచేతనే చచ్చినవి.

దీనికి కారణము తెలిసికొనుట కష్టము కాదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల పొట్టక్రింద పచ్చసొన సంచి యొకటి ఉండును. అది ఉన్నంతవరకు పిల్లకు వెలుపలి ఆహారముతో పనిలేదు. సంచి కరగిన నాడే నోరు ఆహారమును వెదకును. ఆనాటికి తగిన ఆహారము నీటిలో లేనియెడల ఒకటి రెండు దినములలో పిల్ల నీరసించి, తరువాత ఎంత మంచి మేత పెట్టినను తినలేని స్థితికి వచ్చును. తగిన ఆహారమనగా, మొదటిది, నోటిలో పట్టునంత చిన్నది కావలెను. రెండవది, కదలవలెను, పిల్ల కంటికి కదలునదే ఆహారముగా తోచును. పొడిమేత అడుగున పడి కుళ్ళి నీటిని చెఱచునేగాని పిల్లకు చెందదు. పైగా ఇట్టి పిల్లల జీర్ణాశయము అప్పటికి పూర్తిగా ఏర్పడి యుండదు. కావున ప్రాణముతో కదలు సూక్ష్మజీవులను ముందుగా పెంచి సిద్ధము చేసికొనవలెను. గ్రుడ్లను చూచిన పిమ్మట మొదలుపెట్టినచో ఆలస్యమే. చేపలను జతకట్టించుటకు పది దినములు ముందే ఆహారపు సీసాలు అటకపై నుండవలెను.

గప్పీ వంటి చేపల విషయము వేఱు. అవి గ్రుడ్లు పెట్టవు; పిల్లలనే కనును. ఆ పిల్లలు పుట్టుకతోనే పెద్దవి, నలిపిన పొడిమేతనైనను తినగలవు. ఫైటరు, గౌరామి, జీబ్రా మున్నగు వాని పిల్లలకే ఈ శ్రమ యంతయు.

అన్నిటికంటె చిన్న ఆహారము ఇన్‌ఫ్యుసోరియా. ఈ పేరునకు ఒక కథ కలదు. హాలెండు దేశమున డెల్ఫ్ట్ పట్టణములో లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు తాను స్వయముగా అరగదీసిన కటకములతో చూడదగిన వస్తువునెల్ల చూచుచుండెడివాడు. మిరియమునకు కారమెందులకో కనుగొనవలెనని అతడు మిరియములను నీటిలో నానవేసెను. కారమునకు కారణము కనబడలేదు. ఆ నీటిలో లెక్కకు మిక్కిలియైన జీవులు మాత్రము తిరుగాడుచు కనబడినవి. 1676లో ఆ వింతను లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. ఆకో, గడ్డియో, గింజయో నానవేసిన నీటికి ఇన్‌ఫ్యూజన్ అని పేరు. అందు పుట్టినట్లు కనబడు జీవులకు ఇన్‌ఫ్యుసోరియా యను పేరు తరువాతివారు పెట్టిరి. వానిలో మనకు మిక్కిలి ఉపయోగించునది పారమీషియము. దాని పొడవు మిల్లీమీటరులో నాలుగవ వంతునకు అటునిటు. చూపు మంచిదైనచో సీసాను నల్లగుడ్డ ముందుంచి చూచినప్పుడు తెల్లని ధూళివలె కదలుట కనబడును.

లీవెన్‌హుక్ మిరియములు వేసెను గాని మనకు వరిగడ్డి చాలును. గుప్పెడు వరిగడ్డిని బాగుగా కడిగి, ముక్కలుగా త్రుంచి, లీటరు నీటిలో పావుగంట మరగించి, చల్లార్చి, గడ్డితోనే వెడల్పు నోటి సీసాలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టవలెను. మరునాడు అందులో చెరువునీరుగాని, చాలకాలముగా నున్న గాజుతొట్టి అడుగు నీరుగాని ఒక గరిటెడు కలుపవలెను. ఎవరివద్దనైనను పారమీషియముగల నీరు దొరకినచో మరియు శ్రేష్ఠము. రెండు దినములకు నీరు మసకబారి వాసన కొట్టును. ఇక్కడనే చాలమంది ధైర్యము వదలి సీసాను కాలువలో కుమ్మరింతురు. కుమ్మరింపరాదు. ఆ మసక బాక్టీరియా; పారమీషియమునకు అదియే అన్నము. అది తినుచు, ఒకటి రెండై, రెండు నాలుగై వృద్ధిపొందగా, మరి మూడు నాలుగు దినములకు నీరు తేటపడును. తేటపడిన నీరే పక్వమైన నీరు. ఆ మీదటను తేటపడక కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చినప్పుడు మాత్రము పారవేయవలసినదే.

ఈ మురికినీటిని పిల్లల తొట్టిలో పోయుట ఎట్లని సందేహము కలుగవచ్చును. ఒక చిన్న ఉపాయము కలదు. సన్నని పొడవైన మెడగల సీసాలో పెంచిన నీటిని మెడ మొదటివరకు పోసి, దానికి తగులునట్లు మెడలో కొంచెము దూదిని వదులుగా దూర్చి, దూదిపై మెల్లగా మంచినీరు పోయవలెను. క్రిందినీటిలో ప్రాణవాయువు తక్కువ, పైనీటిలో ఎక్కువ. అందుచే రాత్రి గడచునప్పటికి పారమీషియములు దూదిగుండ దూరి పైకి వచ్చి చేరును. బాక్టీరియా, గడ్డినలుసులు చాలవరకు క్రిందనే నిలిచిపోవును. పై నీటిని డ్రాపరుతో తీసి దినమునకు మూడు నాలుగు మారులు పిల్లలకు ఇయ్యవచ్చును. జీబ్రా చేప నేడు వైద్యశాస్త్ర పరిశోధనకు ముఖ్యమైన జంతువు. హైదరాబాదులోని సీసీఎంబీలో కూడ దానిని పెంచుచున్నారు. ఇట్టి ప్రయోగశాలలలో పిల్లలకు చిరకాలముగా పెట్టుచు వచ్చిన తొలి ఆహారములలో ఈ పారమీషియమే యొకటి.

నాలుగైదు దినములు గడచి పిల్ల కొంచెము బలిసిన పిమ్మట మైక్రోవర్ములను పెట్టవచ్చును. ఇవి మన్నులో నుండు జాతికి చెందిన సన్నని నూలుపోగు వంటి పురుగులు. పెద్దది రెండు మిల్లీమీటరులకు మించదు. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. వీనిని పెంచుట వంట వచ్చినవారికి ఆటవంటిది. గోధుమపిండినిగాని ఓట్లనుగాని గట్టి జావగా కాచి, చల్లార్చి, మూతగల డబ్బాలో అరంగుళము మందమున పరచి, చిటికెడు ఈస్టు చల్లి, తెలిసినవారివద్ద నుండి తెచ్చిన పురుగులను చెంచాడు వేయవలెను. మూతకు సూదిరంధ్రములు పెట్టవలెను. మూడు నాలుగు దినములకు పైభాగము నిగనిగలాడుచు కదలుచుండును. పురుగులు డబ్బా గోడలపైకి ప్రాకును. వానిని వ్రేలితో తుడిచి తొట్టిలో విదల్చుటయే. అవి అడుగునకు దిగును గాని కొన్ని గంటలు సజీవముగా కదలుచునే యుండును.

డబ్బా నుండి పులిసిన పిండి వాసన వచ్చును. మా యింట నేను దానిని వంటగది అలమరలో పెట్టియుంటిని. ఒకనాటి ఉదయము మా అమ్మ దోసెలపిండి అనుకొని మూత తీసి, “ఓరి నాయనా, పిండి కదులుతోందిరా!” అని కేకవేసినది. నాటినుండి ఆ డబ్బాకు వసారాలో చోటు. మన వేసవిలో ఈ జావ త్వరగా నీరుగారి పాడగును. కనుక మూడు వారములకు ఒకమారు క్రొత్త జావకు మార్చుచు, ఎల్లప్పుడు రెండు డబ్బాలు నడపుట మేలు. ఒకటి చచ్చినను రెండవది మిగులును.

వెనిగరు పురుగులని మరియొక జాతి కలదు. వెనిగరులో ఆపిల్ ముక్క వేసి ఉంచినచో నెలల తరబడి ఎవరి ఆలనపాలన లేక బ్రతుకును. నీటి మధ్యభాగమున ఈదును గనుక పైకి చూచు ఫైటరు పిల్లలకు అనుకూలము. వానిని వెనిగరునుండి వేఱు చేయుటకు పైని చెప్పిన దూది ఉపాయమే పనికివచ్చును.

ఇక పెరిగిన పిల్లలకు, పెద్దచేపలకును అమృతప్రాయమైనది మోయినా. డాఫ్నియా, మోయినా యనునవి రొయ్య జాతికి దూరపు చుట్టములైన నీటిపురుగులు. గంతులు వేయుచు ఈదును. శరీరము పారదర్శకము. 1884లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు డాఫ్నియా దేహములో చొచ్చిన రోగకారక ఈస్టును దాని రక్తకణములు చుట్టుముట్టి మ్రింగుటను సూక్ష్మదర్శినితో కన్నులార చూచి వర్ణించెను. దేహరక్షణను గూర్చిన పరిశోధనకు 1908లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మనము చేపకు మేతగా వేయునది అంతటి చరిత్ర గల పురుగు.

విదేశీయుల పుస్తకములు చదివి పెద్ద డాఫ్నియాను పెంచబోయి చాలమంది భంగపడుదురు. అది చల్లని నీటిని కోరును. మోయినా అట్లు కాదు. ముప్పది డిగ్రీల వేడిలోను చక్కగా వృద్ధిపొందును. పుట్టిన నాలుగైదు దినములకే తల్లియగును. ఆహారము సమృద్ధిగా నున్నంతవరకు మగవానితో పనిలేకయే ఆడుపురుగులు ఆడుపిల్లలనే కనుచుండును. కరవు వచ్చినప్పుడు మగవి పుట్టును. అప్పుడు గట్టి పెంకుగల గ్రుడ్లు ఏర్పడి అడుగు బురదలో మంచికాలమునకై వేచియుండును.

ఇరువది లీటరుల ప్లాస్టిక్ తొట్టి చాలును. కుళాయినీటిని ఒక దినము ఎండలో ఉంచి క్లోరిన్ పోనిచ్చి, సగము పాత గాజుతొట్టి నీటితో కలిపి, నీడపట్టున పెట్టి, మోయినాను విడువవలెను. ఆహారము పచ్చనీరు, అనగా ఎండలో నాచుకణములు పెరిగి ఆకుపచ్చగా మారిన నీరు. అది లేనప్పుడు ఈస్టును నీటిలో కలిపి పోయవచ్చును. ఈస్టుతో చేయు తప్పు ఒక్కటే, ఎక్కువ పోయుట. పోసినప్పుడు నీరు లేతగా మసకబారి మరునాటికి తేటపడవలెను. తేటపడకున్నచో ఆనాడు మేత మానవలెను. వారము దినములలో తొట్టి నిండును. ఆపై దినమునకు నాలుగవ వంతు తీసినను తరుగదు.

రెండు జాగ్రత్తలు మఱవరాదు. మన యిండ్లలో మంచినీటికి రాగిబిందెలు వాడుట కలదు. ఆ నీరు మనకు హాని చేయకపోవచ్చును. మోయినాకు రాగి విషము. దోమల మందు చల్లిన చేయి, దోమలకై మందు కలిపిన నీరు కూడ దానిని నశింపజేయును.

దోమ ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. దోమ లార్వాలు చేపలకు మిక్కిలి ప్రీతి. పాత పుస్తకములు వానిని తొట్టిలో పెంచుకొనుమని ఉపదేశించినవి. ఆ ఉపదేశమును నేను అంగీకరింపను. డెంగీని వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఇంటి పరిసరముల నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టును. వెచ్చని దినములలో వారము పది దినములకే లార్వా రెక్కలు తొడిగి ఎగిరిపోవును. చేపకు మేత పెంచబోయి ఇరుగుపొరుగు పిల్లలను జ్వరమున పడవేయుట న్యాయము కాదు. కావున మోయినా తొట్టెలకు సన్నని దోమతెర బిగించి కట్టవలెను. వారమునకు ఒకమారైనను పరీక్షింపవలెను. లార్వా కనబడినచో వడకట్టి చేపలకు వేయుడు, దానికై ఎదురుచూడవలదు. బజారున పొట్లములలో దొరకు ట్యూబిఫెక్స్ అను ఎఱ్ఱపురుగులను గూర్చియు నా అభిప్రాయము ఇట్టిదే. అవి మురికికాలువల బురదలో పెరుగును. చౌకయే గాని ఆ బురదలోని రోగములు వానివెంట వచ్చును.

చివరది ఆర్టీమియా, అనగా ఉప్పునీటి రొయ్యపురుగు. దీనిని పెంచనక్కరలేదు, పొదిగించిన చాలును. దీని గ్రుడ్లు పొడిగా నున్నచో ఏండ్ల తరబడి నిద్రావస్థలో నుండగలవు. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున వానిని సేకరించి డబ్బాలలో ప్రపంచమంతటికి పంపుదురు. మన కోస్తా తీరమునగల రొయ్యపిల్లల హేచరీలకును అవియే ఆధారము. ఇవి చేపపిల్లలకు దివ్యమైన ఆహారమని 1933లో అమెరికాలో సీల్, 1939లో నార్వేలో రోలెఫ్‌సెన్ ప్రకటించిరి. లీటరు నీటిలో ముప్పది గ్రాముల కల్లుప్పు కరగించి, అడుగు కోసి తలక్రిందులు చేసిన సోడాసీసాలో పోసి, అర చెంచాడు గ్రుడ్లు వేసి, గాలిపంపుతో అడుగునుండి బుడగలు విడుచుచు, వెలుతురున ఉంచవలెను. ఒక దినము లేక ఒకటిన్నర దినమునకు పిల్లలు వెలువడును. గాలి ఆపి క్రిందిభాగమున దీపము పెట్టినచో అవి వెలుగును చేరును. ఖాళీ పెంకులు పైకి తేలును. రబ్బరు గొట్టముతో పిల్లలను మాత్రము సన్నని గుడ్డలోనికి దించి, మంచినీటితో కడిగి, వెంటనే వేయవలెను. ఆలస్యమైనకొలది వాని దేహములోని సారము తరిగిపోవును. మంచినీటిలో కొన్ని గంటలకంటె బ్రతుకవు గనుక మిగులునంత వేయరాదు.

ఎంత వేసిన చాలునో తెలిసికొనుటకు కొలతలు వెదకనక్కరలేదు. వేసిన పావుగంటకు భూతద్దముతో తొట్టిలోనికి చూడుడు. తిన్న పిల్ల పొట్ట నారింజరంగున ఉబ్బి స్పష్టముగా కనబడును. పొట్ట తెల్లగా నున్న పిల్లలు ఒక మూల చేరియున్నచో, మరి రెండు చుక్కలు అటువైపున విడువుడు.