చక్రము తిరిగిన చాలునా?

1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలుచుకొనిన ఉదయగిరి దుర్గము క్రింది ఎఱ్ఱని మెట్టనేలలనుండి ఆత్మకూరు మాగాణులదాక దుక్కుల కాలమున ప్రయాణము చేయువారికి, ఒకే ట్రాక్టరు ఒకచోట నిండు తొట్టిని అవలీలగా లాగికొనిపోవుటయు, మరియొకచోట ఖాళీగా నుండియు పెద్దచక్రములు గిరగిర తిరుగుచుండగా అంగుళమైనను ముందునకు సాగక నిలిచిపోవుటయు కనబడుచుండును. ఇంజను అదియే, నడుపువాడు అతడే. మారినది చక్రము క్రింది నేల మాత్రమే. బండి బలమును మనము హార్సుపవరులలో చెప్పుకొందుము గాని, ఆ బలములో నేల యెంత స్వీకరించునను ప్రశ్నను వేసికొనువారు అరుదు. నా దృష్టిలో వాహనశాస్త్రమంతటికిని ఆయువుపట్టు ఈ ప్రశ్నయే.

దీనికి సమాధానమును ట్రాక్టరుకంటె విపరీతమైన దృష్టాంతముతో ప్రారంభించుట మేలు. అమెరికాలో సరకుల రవాణాకై పుట్టిన పికప్పు ట్రక్కులకు మిక్కిలి బలమైన ఇంజనులను అమర్చి, వేగమును కోరువారికి అమ్ము వాడుక గలదు. ఫోర్డు సంస్థ 1999 మొదలు 2004 వరకు విక్రయించిన రెండవ తరపు ‘ఎఫ్-150 లైట్నింగ్’ అట్టి బండ్లలో ప్రసిద్ధమైనది. 5.4 లీటర్ల ఇంజనునకు గాలిని బలవంతముగా కూరు సూపర్‌ఛార్జరును తగిలించి, మొదట 360, 2001 నుండి 380 హార్సుపవరుల శక్తిని దానినుండి రాబట్టిరి. ఆ శక్తి యంతయు వెనుకచక్రములకే చేరును. గేరుపెట్టె ఆటోమేటికు తప్ప వేరొకటి దానికి లేదు. ఇట్టి బండిని కొనిన యువకులకు, నిలిచిన చోటనే వెనుకటైర్లు పొగలు గ్రక్కుచు తిరుగవలెనను కోరిక పుట్టుట కద్దు.

క్లచ్చిగల బండిలో అది సులభము. ఇంజను వేగమును పెంచి క్లచ్చిని ఒక్కసారిగా విడిచినచో, ఫ్లైవీలులో నిలువయున్న శక్తి యంతయు చక్రములను దెబ్బగా తాకును. టైరునకు నేలను పట్టుకొను వ్యవధి యుండదు. ఆటోమేటికు బండిలో ఈ దెబ్బకు తావు లేదు. ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ టార్కు కన్వర్టరను నూనెపాత్ర యొకటి యుండును. హెర్మన్ ఫోటింగర్ అను జర్మను ఇంజనీరు ఓడలనిమిత్తమై యోచించి 1905లో పేటెంటు పొందిన సాధనమే దీనికి మూలము. ఇంజనుతో తిరుగు రెక్కలచక్రము నూనెను విసరగా, ఆ నూనె ఎదుటనున్న రెండవ చక్రముపై పడి దానిని త్రిప్పును. రెంటి నడుమనున్న మూడవ చక్రము తిరిగివచ్చు నూనెను మంచి దిక్కునకు మరల్చి, బండి నిలిచియున్న సమయమున త్రిప్పుబలమును ఇంచుమించు రెట్టింపు చేయును. ఇనుము ఇనుమును తాకకయే బలము చేతులు మారు ఈ యేర్పాటును తలచినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచునే యుండును. అయితే ఇందు బలము ప్రవాహముగా వచ్చును గాని దెబ్బగా రాదు. పైగా చక్రములను కదలనీక బిగించియుంచినచో ఇంజను వేగము ఒక హద్దును దాటజాలదు. కంపెనీనుండి వచ్చినది వచ్చినట్లున్న బండ్లలో ఆ హద్దు సాధారణముగా నిమిషమునకు రెండువేల చుట్లకు అటునిటుగా నుండును.

కావున అచటి యువకులు ఎడమకాలితో బ్రేకును, కుడికాలితో యాక్సిలరేటరును ఒకేసారి త్రొక్కి, ఇంజను ఆ హద్దును చేరినంతనే బ్రేకును సడలింతురు. సరకు లేని పికప్పు బండిలో బరువు సగముకంటె ఎక్కువ ముందుచక్రములమీదనే యుండును గనుక, తేలికగానున్న వెనుకటైర్లు పట్టు తప్పి తిరుగనారంభించును. కాని ఆ త్రొక్కిపట్టిన కాలమున ఇంజను చేసిన పని యంతయు ఎచ్చటికి పోవును? కన్వర్టరులోని నూనెను కాచుటకే. కార్ఖానాలో ఇదే పరీక్షను చేయు మెకానిక్కులు అయిదు సెకనులకు మించి ఆ స్థితిలో నుంచరు. మించినచో నూనె మాడును, గేరుపెట్టె ఆయుర్దాయము తరుగును, టైరు అరగిపోవును. జనులు నడచు రోడ్డుమీద దీనిని చేయుట ప్రాణాపాయము కూడను.

ఈ వేడుకకంటె నేను మెచ్చుకొనునది, దానికి నేరుగా విరుద్ధమైన యత్నమును. 1991లో జీఎంసీ సంస్థ ‘సైక్లోన్’ అను చిన్న ట్రక్కును వెలువరించినది. దాని ఇంజను 4.3 లీటర్ల టర్బో యంత్రము; బలము 280 హార్సుపవరులే. కాని ఆ బలమును నూటికి 35 పాళ్లు ముందుచక్రములకును, 65 పాళ్లు వెనుకచక్రములకును పంచిరి. నాలుగు టైర్లును నేలను పట్టుకొనుటచే పొగ లేదు, రొద లేదు, బండి మాత్రము బాణమువలె దూసికొనిపోయెడిది. ఇంజనీరు నేర్పు ఇందే యున్నదని నా నిశ్చయము.

దీనికి శాస్త్రకారణము పాతదే. ఘర్షణ మీదనున్న బరువును అనుసరించి పెరుగునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమాంటన్ 1699లోనే తెలిపియుండెను. రబ్బరు ఆ సూత్రమునకు పూర్తిగా లోబడదు గాని, స్థూలముగా అది నిజమే. ఇందొక విశేషము గలదు: టైరు ఏమాత్రమును జారకున్నచో లాగుడు పుట్టనే పుట్టదు. గట్టి రోడ్డుమీద చక్రము నూటికి పదినుండి ఇరువది పాళ్లవరకు జారునపుడు పట్టు పరాకాష్ఠనందుకొని, ఆపైన జారుడు పెరిగినకొలది తగ్గిపోవును. అనగా టైరు విచ్చలవిడిగా తిరుగుచున్నదనిన, బండి లాగవలసినదానికంటె తక్కువ లాగుచున్నదని యర్థము.

ఇక మన పొలములకు వత్తము. సోమశిల జలాశయమునుండి విడిచిన పెన్న నీటితో ఆత్మకూరు ప్రాంతమున వరిమళ్లకు దమ్ము చేయు వేళ, నలువదియైదు హార్సుపవరుల ట్రాక్టరు సైతము కూరుకొనిపోయి, నిలిచిన చోటనే చక్రములు త్రిప్పుకొనుచుండుట సామాన్యము. అక్కడ రబ్బరుకు పట్టు దొరకక కాదు. రబ్బరు పట్టిన మట్టియే తక్కిన మట్టినుండి తెగి జారిపోవుచున్నది. నీటితో నానిన బురదకు ఆ తెగుడును ఆపు శక్తి స్వల్పము. బరువు పెంచినచో మెట్టనేలలో మేలు కలుగును గాని, దమ్ములో చక్రము మరింత దిగబడును. అందుచేతనే ఇనుపకమ్ములతో చేసిన దమ్ముచక్రములను టైర్లకు తగిలింతురు. అవి బరువును వెడల్పున పరచి, రెక్కలతో లోతునగల గట్టిమట్టిని అందుకొనును. ఆ చక్రములతోనే తారురోడ్డు నెక్కుట మాత్రము తగదు. ఊరందరి సొమ్ముతో వేసిన రోడ్డు కమ్ముల దెబ్బకు చెక్కలుచెక్కలుగా లేచిపోవును.

ఉదయగిరి వైపు మెట్టదుక్కులలో ఉపాయము వేరు. వెనుకటైర్లలో ముప్పాతికవరకు నీరు నింపినచో బరువు పెరిగి పట్టు కుదురును. జారుడు ఎంతయున్నదో రైతు తానే కొలుచుకొనవచ్చును: టైరుపై సున్నముతో గుర్తుపెట్టి, నాగలి దింపి దున్నుచు పదిచుట్లు నడిపి, ఆ దూరమును కొలబద్దతో గుర్తించి, మరల నాగలి యెత్తి అంతే దూరము నడిపినపుడు ఎన్ని చుట్లు పట్టెనో లెక్కించవలెను. తొమ్మిది, లేక ఎనిమిదిన్నర పట్టినచో అంతయు సవ్యముగా నున్నట్లే. ఏడే పట్టినచో డీజిలులో పెద్దభాగము మట్టిని గీకుటకే ఖర్చగుచున్నది.

పెన్న ఇసుకలోనో, గట్టు దిగుచోటనో ఒక చక్రము మాత్రమే దిగబడి తిరుగుచుండుటకు కారణము డిఫరెన్షియలు. అది మలుపులలో రెండుచక్రములు వేర్వేరు వేగములతో తిరుగుటకై యేర్పడినది. కాని రెంటికిని సమబలమునే ఇచ్చును గనుక, పట్టులేని చక్రమునకు చాలిన కొద్దిబలమే గట్టినేలనున్న చక్రమునకును దక్కును. డిఫరెన్షియలు లాకును త్రొక్కినచో రెండును ఒక్కటిగా తిరిగి బండి బయటపడును. మలుపు తిరుగుటకు ముందు దానిని విడువవలెను.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి. బండి దిగబడినపుడు వెనుకచక్రములకు దుంగను కట్టి, యాక్సిలరేటరును నిండుగా త్రొక్కు అలవాటు కొందరికి గలదు. ఇది మహాప్రమాదము. చక్రము తిరుగుటకు వీలులేనపుడు ఇంజను బలము ఇరుసును త్రిప్పలేక, ఇరుసుచుట్టు బండినే త్రిప్పును. ముందుభాగము పైకిలేచి, నడుపువాడు దూకుటకైన వ్యవధి లేకుండ ట్రాక్టరు వెనుకకు బోర్లపడి అతనిని క్రింద వేసికొనును. తొట్టి గొలుసును ఇరుసుకంటె ఎత్తున కట్టినను ఇదే గతి. కావున ట్రాక్టరు నడుపు సోదరులకు నా ప్రార్థన: చక్రము ఉత్తగా తిరుగుచున్నదని తోచినంతనే కాలు తీయుడు, తొట్టిని విప్పి, మెల్లగా వెనుకకు నడిపి చూడుడు, అప్పటికిని రాకున్నచో చక్రములముందు మట్టిని త్రవ్వించి, మరియొక ట్రాక్టరును పిలిపించి, గొలుసును క్రిందికొక్కెమునకే తగిలించి లాగించుడు.