చెమట పట్టిన మాంసము

టెక్సాస్ రాష్ట్రమునందలి డాలస్ నగర ప్రాంతమున స్థిరపడిన మన పాఠకులొకరు, ఇంటి పెరటిలో బొగ్గుల స్మోకరుమీద కోడిని, పంది జబ్బమాంసమును ఒకే ఉదయమున ఎక్కింపగా, కోడి మధ్యాహ్నమునకే పక్వమై దిగినదనియు, పంది మాంసము మాత్రము 68 డిగ్రీలయొద్ద నిలిచి, నిప్పు తగ్గకున్నను నాలుగు గంటలసేపు ఒక్క డిగ్రీయైనను పైకి కదలలేదనియు, థర్మామీటరు చెడినదో, బొగ్గు చెడ్డదో తెలియకున్నదనియు వ్రాసినారు. చెడినది ఏదియు లేదు. ఆ నాలుగు గంటలలో వారి పెరటిలో జరిగినంత మనోహరమైన భౌతికశాస్త్ర వ్యాపారము ఏ ప్రయోగశాలలోను నిత్యము కనబడదు.

స్మోకరు సంగతి రెండు మాటలలో ముగింతును. అడుగున బొగ్గులు, వానిమీద హికరీ వంటి గట్టి కర్రముక్కలు, నడుమ నీళ్ళపళ్ళెము, పైన కమ్ములమీద మాంసము. గాలి రంధ్రములను కొద్దికొద్దిగా మూయుచు తెరచుచు లోపలి వేడిని 110 సెంటీగ్రేడు డిగ్రీల చుట్టుపట్ల నిలుపుదురు. కోడి 74 డిగ్రీలకు వచ్చినచో దింపవచ్చును; పంది జబ్బలోని కొల్లాజెన్ కరగి మాంసము వ్రేళ్ళకు విడివడవలెనన్న 90 దాటవలెను. ఈ దారిలో 65కును 75కును నడుమ ఎక్కడనో ఉష్ణోగ్రత ఆగిపోవుటను అచ్చటి వంటవారు ‘స్టాల్’ అందురు.

కొల్లాజెన్ కరగుటకు వేడి కావలెను గావున, వచ్చిన వేడియంతయు దానికే ఖర్చగుచున్నదని వారు చిరకాలము చెప్పుచు వచ్చిరి. మంచు కరగునప్పుడు థర్మామీటరు ముల్లు కదలదని బడిలో నేర్చిన ప్రతివానికిని నచ్చు వాదమే యిది, కాని తప్పు. మాంసములో కొల్లాజెన్ నూటికి కొద్ది పాళ్ళే. నీరో, సగముకంటె చాల ఎక్కువ. గ్రెగ్ బ్లాండర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు తడిసిన స్పాంజిని, కొవ్వుగడ్డను వేడిచేసి చూడగా, కొల్లాజెన్ లేశమైనను లేని స్పాంజి ఆగిపోయెను, కొవ్వు ఆగక పైకి పోయెను. స్పాంజి సాక్ష్యము చెప్పిన పిదప ఇంకేమి కావలెను?

మాంసమునకు చెమట పట్టుచున్నది. ఒక గ్రాము నీరు 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు వేడెక్కుటకు 70 కెలోరీలు చాలును; అదే గ్రాము ఆవిరిగా మారుటకు 540 కావలెను. లోపలినుండి ఊరివచ్చిన తేమ ఆవిరియై పోవుచు హరించు వేడి, బొగ్గులిచ్చు వేడికి సరితూగిన ఘడియనుండి ముల్లు నిలిచిపోవును. మన యిండ్లలో ఇసుకమీద నిలిపిన కొత్తకుండ వడగాడ్పులోనే నీటిని చల్లబరచుటయు, తడిపిన వట్టివేళ్ళ తడిక గదిని చల్లబరచుటయు ఈ వ్యాపారమే. ఊరగాయ జాడీలో పోసిన నీరు అట్లు చల్లబడదు; దాని మెరుగుపూత తేమను బయటికి రానీయదు. కోడి కొంతవరకు జాడీ వంటిది: చర్మమును, దాని క్రింది కొవ్వును తేమకు అడ్డుపడును, పైగా అది పలుచని మాంసము, 74కే దిగిపోవును.

నన్ను మిక్కిలి ముగ్ధుని చేయునది వేరొకటి. ఈ ఆగుటను 1775లోనే చార్లెస్ బ్లాగ్డెన్ అను ఆంగ్ల వైద్యుడు కన్నులార చూచి ప్రకటించెను. లండనులో మిత్రుడు జార్జి ఫోర్డైస్ సిద్ధపరచిన గదిలో, 127 డిగ్రీల వేడిలో, ఆయన ఎనిమిది నిమిషములు నిలిచి క్షేమముగా వెలుపలికి వచ్చెను; ఆ గదిలోనే గోమాంసపు ముక్క 47 నిమిషములలో పక్వమగుటయే గాక దాదాపు ఎండిపోయెను. ఈ కథ చెప్పువారు మనిషిని, మాంసమును తలచి, కుండలను మరచుదురు. ఒకేతీరు మట్టిపాత్రలు రెంటిలో నీరు పోసి, ఒకదానిలో మైనపు ముక్క వేసి ఆయన ఆ గదిలో నుంచెను. గంటన్నరకు వట్టినీరు 60 డిగ్రీలకు చేరి, మరుగు వేడికి చాల తక్కువలోనే గంటకు పైగా నిలిచెను; కరగిన మైనము పొరకట్టిన నీరు అంతకంటె వేడెక్కెను. పిమ్మట రెంటిలోను ఇంచుక నూనె వేయగా, ఆవిరి దారి మూతపడి, తుదకు రెండును కుతకుత మరిగెను. స్టాల్ అనగా ఇదియే! చుట్టునున్న గాలిలో తేమ ఎక్కువైనకొలది ఆగుచోటు మీదికి జరుగును. స్మోకరులోని నీళ్ళపళ్ళెము చేయు పనులలో అదియొకటి.

ఆగిన మాంసమునకు అల్యూమినియం రేకు చుట్టి తొందరపరచు పద్ధతి యొకటి కలదు. దానికి టెక్సాస్ ఊతకర్ర యని పేరు. బ్లాగ్డెన్ నూనె చేసిన పనినే రేకు చేయును. కాని పొగపట్టి గట్టిపడిన పైపెచ్చు ఆ ఆవిరిలో మెత్తబడును, ఇంతటి వింతను నడుమ తెగగొట్టుట నాకు సమ్మతము గాదు. ఓపికపట్టినచో, పైతేమ తరిగిన పిదప ముల్లు తనంతట తానే కదలును.

మన పాఠకులు మరల స్మోకరు వెలిగించునాడు, మాంసము ప్రక్కన చిన్న మట్టిమూకుడులో నీరుంచి, అందు రెండవ థర్మామీటరు నిలిపి చూడవలెనని కోరుచున్నాను. అదియు ఆగును. ఆగి గంట గడచిన పిదప రెండు చెంచాల నూనె దానిపై వేసి, ముల్లు ఎంత వేగముగా ఎక్కినదో నాకు వ్రాయవలెను. మరుగుపట్టక మునుపే మూకుడు దింపుట మరువరాదు.