దుకాణం ఖాళీ చేయమన్న తీర్పుపై అప్పీలు: తెలంగాణలో చట్టపరమైన మార్గాలు

1. ప్రస్తావన

అద్దె దుకాణంలో ఏళ్ల తరబడి వ్యాపారం సాగించినవారికి ఆ చోటే పెద్ద పెట్టుబడి. కొనుగోలుదారులు ఆ చిరునామాకే అలవాటుపడి ఉంటారు. అందువల్ల ఖాళీ చేయమన్న తీర్పుపై అప్పీలు హక్కు అద్దెదారు జీవనోపాధికి సంబంధించిన అంశమవుతుంది. అయితే ఈ హక్కు అన్ని తీర్పుల విషయంలో ఒకే రీతిగా ఉండదు. తీర్పు ఏ చట్టం కింద వెలువడిందో దానిని బట్టి గడువు, అప్పీలు వినే న్యాయస్థానం మారుతాయి. తెలంగాణలో ఈ మార్గాలు ఎలా ఉన్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. అద్దె నియంత్రణ చట్టం

1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం కింద రెంట్ కంట్రోలర్ ఇచ్చిన ఉత్తర్వుపై 20వ సెక్షన్ ప్రకారం 30 రోజులలోగా అప్పీలు చేయాలి. ధ్రువీకృత నకలు పొందడానికి పట్టిన కాలాన్ని ఈ గడువు నుండి మినహాయిస్తారు. హైదరాబాదులో ఈ అప్పీలును సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి విచారిస్తారు. అద్దె బకాయిలు చెల్లించని, లేదా జమచేయని అద్దెదారుకు అప్పీలు అర్హత లేదని 11వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది.

తరువాతి దశ 22వ సెక్షన్ కింద హైకోర్టులో రివిజన్. రివిజన్ మరో అప్పీలు కాదని, అందులో సాక్ష్యాలను అప్పీలులో వలె తిరిగి తూచరాదని 2014లో హిందుస్థాన్ పెట్రోలియం - దిల్‌బహార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కనుక వాస్తవాలపై వాదన అప్పీలులోనే పూర్తి కావాలి.

3. సివిల్ దావా, వాణిజ్య వివాదం

నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె గల భవనాలకు 2005 సవరణ దరిమిలా పై చట్టం వర్తించదు. అటువంటి దుకాణాల విషయంలో యజమాని సివిల్ దావా వేస్తాడు. ఆ డిక్రీపై సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద మొదటి అప్పీలు ఉంటుంది. జిల్లా కోర్టుకైతే గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. ఉభయుల సమ్మతితో వెలువడిన డిక్రీపై మాత్రం ఈ అప్పీలు లేదు. గడువు తీసుకొని ఖాళీ చేస్తానని రాజీపత్రంపై సంతకం చేసే అద్దెదారు ఈ సంగతిని ముందుగానే గ్రహించాలి.

కేవలం వ్యాపారానికే వాడే స్థిరాస్తి ఒప్పందంపై వివాదం నిర్దేశిత విలువకు చేరితే 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం వర్తిస్తుంది. అప్పుడు 13వ సెక్షన్ ప్రకారం గడువు 60 రోజులు.

4. అప్పీలు వేరు, స్టే వేరు

అప్పీలు దాఖలైనంత మాత్రాన తీర్పు అమలు ఆగదు. స్టే విడిగా కోరాలి. స్టే ఇచ్చే న్యాయస్థానం షరతులు విధించవచ్చునని 2004లో ఆత్మారాం ప్రాపర్టీస్ - ఫెడరల్ మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఢిల్లీకి చెందిన ఆ దుకాణపు నెల అద్దె 371.90 రూపాయలు కాగా, స్టే కొనసాగాలంటే నెలకు 15,000 రూపాయలు జమ చేయాలన్న షరతును న్యాయస్థానం సమర్థించింది. పాత అద్దెకే ఉంటూ అప్పీలును సాగదీయడానికి ఈ తీర్పు అవకాశం తగ్గించింది.

5. ముగింపు

తీర్పు వెలువడిన రోజే అద్దెదారు తేల్చుకోవలసినవి మూడు: అది ఏ చట్టం కింద వచ్చింది, గడువు ఎంత, స్టే షరతును భరించే స్తోమత ఉందా. మొదటి ప్రశ్నకు జవాబు తప్పితే మిగిలిన రెండూ తప్పుతాయి.